నాలుగు కిలోమీటర్లకు ఐదు

మా తోడల్లుడు నవ్వితే మా పటాల గది మొత్తం నవ్వుతుంది. నేను నవ్వను. అతను ఆ గదిలో అడుగుపెట్టి పదహారేళ్ళు. ఒక్కసారీ నవ్వలేదు. ఇప్పుడు మొదలుపెట్టే ఉద్దేశమూ లేదు.

అతను నా భార్య చెల్లెలి మొగుడు. ఒకే ఇంటి అల్లుళ్ళం, ఒకే ఆఫీసు ఉద్యోగులం. రెండు చోట్లా నేను ముందు వచ్చాను. రెండు చోట్లా అతను వెనక వచ్చి ముందు కూర్చున్నాడు. మా మామగారు నన్ను చూడగానే ఇంటికప్పు కారుతోందనేవారు. అతన్ని చూడగానే ప్రయాణం ఎలా జరిగిందని అడిగేవారు. పదేళ్ళపాటు ఆ ఇంటి కప్పు ఎక్కి దిగింది నేను. కింద కుర్చీలో కూర్చుని వాళ్ళందరినీ నవ్వించింది అతను. మా ఆవిడ కూడా ఆ నవ్వేవాళ్ళలోనే ఉండేది.

అతనిది పెద్ద చదువు. నాది పల్లెటూరి బడిలో పదో తరగతి. మా బడికి గోడపటం లేదు. మాస్టారు నేల మీద బొగ్గుతో ప్రపంచపటం గీసేవారు. పాఠం అయ్యాక ఎవరు తొక్కారో చూసి చితకబాదేవారు. పటం అంటే భయపడాలని నేను అక్కడ నేర్చుకున్నాను. ఆ భయంతోనే ముప్పై రెండేళ్ళు ఈ ఊరి వీధులు, కాలవలు, కుళాయి గొట్టాలు సిరాతో గీశాను. వెనకాల నన్ను టేపు అంటారు. ఎప్పుడూ జేబులో కొలత టేపు ఉంటుందని. అననివ్వండి.

మా గదికి అధికారి అయిన పెద్దాయన ఆ నెలాఖరుకు దిగిపోతున్నాడు. ఆయన కుర్చీ నాకు రావాలి. సర్వీసులో నా తర్వాతే ఎవరైనా. కానీ పాలకమండలి వాళ్ళు అతని వైపు చూస్తున్నారని గదిలో అందరికీ తెలుసు. అగ్నిమాపక శాఖకి అతను ఒక పటం చేస్తున్నాడు. దాన్ని మండలి ముందు పెట్టిన రోజే కుర్చీ సంగతి కూడా తేలుస్తామని పెద్దాయన చెప్పాడు. చెబుతూ నా మొహం వైపు చూడలేదు.

మా ఆఫీసు వెనక పెరట్లో, గోడ వారగా, ఈ చివర ఒకటి ఆ చివర ఒకటి రెండు రాళ్ళు పాతి ఉంటాయి. ఒక్కో రాయి నెత్తిన ఇత్తడి మేకు. మేకు నుంచి మేకుకి సరిగ్గా వంద మీటర్లు. కొలత గొలుసులు సరిచూసుకోవడానికి మాకంటే ముందు తరం వాళ్ళు పాతారు. ఊరి పటం ఏది గీసినా ఆ రెండు మేకులూ రెండు చుక్కలుగా అందులో ఉండాలి. పటం గది దాటాలంటే దాని కిందా, గది రిజిస్టరులోనూ సరిచూసినవాడి సంతకం ఉండాలి. సరిచూసేవాడు ముందుగా ఆ రెండు చుక్కల మధ్య కొలవాలి. వంద వస్తేనే మిగతాది చూడాలి. రాకపోతే గీసినవాడి బల్ల మీద పడేయాలి. ఇది మా గది ఆచారం. సరిచూసేవాణ్ణి నేను.

కంప్యూటరు వచ్చాక నేను కొలవలేదు. దాచను. నాలుగేళ్ళ కిందట అతనే తెప్పించాడు ఆ కంప్యూటర్లనీ, పటాల సాఫ్ట్‌వేర్‌నీ. అప్పటి నుంచి అతను పటం అచ్చుతీసి నా బల్ల మీద పెట్టేవాడు. నేను చూడకుండా కింద సంతకం గీకి తిప్పి పంపేవాణ్ణి. కొలిచి సరిగ్గా ఉంటే నాకు కడుపుమంట. తప్పుగా ఉంటే అతను నవ్వుతూ దిద్దుకుంటాడు, అది ఇంకా మంట. అందుకని అసలు చూడటమే మానేశాను. నాలుగేళ్ళలో అలా నలభై ఒక్క పటాలు వెళ్ళిపోయాయి.

అగ్నిమాపక పటాన్ని మాత్రం కొలిచాను. దానితో పాటు నా కుర్చీ పోతోంది కాబట్టి కొలిచాను. ఎక్కడో ఒక కాలవ తప్పిపోయి ఉండాలని, ఒక వీధి పేరు తారుమారై ఉండాలని కోరుకుంటూ వృత్తలేఖిని తీసి ఒక కాలు ఒక చుక్క మీద, రెండో కాలు రెండో చుక్క మీద పెట్టాను. అలాగే తీసుకెళ్ళి పటం అడుగున గీసి ఉన్న మీటర్ల కొలబద్ద మీద ఆనించాను. నూట ఇరవై ఐదు.

మళ్ళీ కొలిచాను. నూట ఇరవై ఐదు. నా చెయ్యే వణికిందేమో అనుకుని టేపు పట్టుకుని పెరట్లోకి వెళ్ళాను. ఎండ మండిపోతోంది. గడ్డి పక్కకు తొక్కి మేకు నుంచి మేకుకి టేపు సాగదీశాను. వంద. వెంట్రుక వాసి తేడా లేదు. అక్కడే రాయి మీద కూర్చున్నాను. చాలా రోజుల తర్వాత ఒంట్లో హాయిగా అనిపించింది.

కారణం తెలుసుకోవడానికి ఎక్కువసేపు పట్టలేదు. భూమి గుండ్రం, కాగితం చదును. బంతికి కాగితం అంటించి చూడండి, ముడతలు పడతాయి. ముడతలు లేకుండా చేయాలంటే ఎక్కడో ఒకచోట సాగదీయాలి. ఎక్కడ ఎంత సాగదీయాలో నిర్ణయించుకోవడాన్నే ప్రొజెక్షన్ అంటారు. మేము చేత్తో గీసే రోజుల్లో మా ఊరికి సరిపోయేది ఒకటి పెట్టుకున్నాం. ఊరి మేరకు నేల కొలతా పటం కొలతా ఒకటే. కొత్త సాఫ్ట్‌వేర్ అలా కాదు. తెరవగానే తనంతట తాను ఒక ప్రొజెక్షన్ పెట్టేసుకుంటుంది. మార్చమని మనం చెప్పకపోతే అదే ఉండిపోతుంది. దాన్ని డిఫాల్ట్ అంటారు. ప్రపంచం మొత్తాన్ని ఒక్క తెర మీద చూపించడానికి అది బాగానే ఉంటుంది. భూమధ్యరేఖ దగ్గర దానికి అబద్ధం రాదు. అక్కడి నుంచి దూరం జరిగేకొద్దీ సాగుతుంది. ఆ రేఖకి చాలా ఉత్తరాన ఉన్న మా ఊరి దగ్గరికి వచ్చేసరికి నేల మీది నాలుగు కిలోమీటర్లు దానికి ఐదు.

భోజనాల వేళ గదిలో ఎవరూ లేనప్పుడు అతని తెర ముందు నిలబడి చూశాను. అడుగున మూలగా డిఫాల్ట్ పేరే ఉంది. ఇంత చదువు చదివి ఆ ఒక్క మీట నొక్కలేదు. బల్ల మీద అతని భోజనం గిన్నె, దాని మీద మరదలు చేతిరాతతో చిన్న చీటీ. అన్నీ తినమని. ఆ చీటీ చదవకుండా ఉండాల్సింది.

నా బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నాక తట్టింది. రెండు వందలు. నూట అరవై.

మూడేళ్ళ కిందట మా ఆవిడ ఆసుపత్రిలో ఉంది. ఇంక ఇంటికి రాదని ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. వాళ్ళ నాన్న ఉద్యోగం చేసిన చిన్న రేవు ఒకటుంది. ఆవిడ చిన్నతనంలో రెండేళ్ళు అక్కడే పెరిగింది. ఇప్పుడు రేవు మూతపడింది. దారి పొడుగునా కిలోమీటరు రాళ్ళు ఊడిపోయి అంకెలు కూడా కనబడవు. ఒక్కసారి అక్కడ సముద్రం చూడాలంది. కారులో మూడు గంటలకు మించి కూర్చోకూడదని డాక్టరు అన్నాడు. నేను పాత పటం మీద దారి వెంట దారం పరిచి కొలిచాను. నూట అరవై కిలోమీటర్లు. మూడు గంటల్లో చేరొచ్చు.

ఆ సాయంత్రం అతను వచ్చాడు. రోజూ వచ్చేవాడు. నేను మంచం కాళ్ళ దగ్గర కూర్చుంటే అతను తల దగ్గర కూర్చునేవాడు. నాతో మాట్లాడటానికి ఓపిక లేదనే మా ఆవిడ, అతను వస్తే లేచి కూర్చునేది. తలగడ సరిచేసుకునేది. ఆ రోజు అతను ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టుకుని, అదే సాఫ్ట్‌వేర్‌లో మౌసుతో దారి వెంట గీత గీసి, రెండు వందలు వదినా, నాలుగు గంటలు పడుతుంది అన్నాడు. నూట అరవై అన్నాను నేను. మీ అన్నయ్య దారంతో కొలిచారు అంటూ ఆవిడ అతని వైపు చూసి నవ్వింది. నా ఒళ్ళు మండిపోయింది. మరిది మాట మీద అంత నమ్మకమైతే మరిదితోనే వెళ్ళు అన్నాను. గది బయటికి వచ్చేశాను. ఎవరితోనూ వెళ్ళలేదు. పంతొమ్మిది రోజులకు పోయింది.

అతను చెప్పిన రెండు వందలూ ఈ డిఫాల్ట్ కొలతే. నేల మీద నూట అరవై. నా దారమే నిజం.

ఆ సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. మూడేళ్ళలో వెళ్ళడం అదే మొదలు. ఆ మనిషి మొహం మీద ఆ అంకె పడేయాలనిపించింది. ఇంకేమీ వద్దు.

తలుపు మరదలు తీసింది. గొంతు అచ్చం అక్కదే. "రండి బావగారూ. పటాలు గీసేవాళ్ళు కూడా దారి తప్పుతారా?" అంది.

లోపల అతను మర్నాటి సమావేశానికి చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. ఆమె వెళ్ళి కాలరు చూసి, మీరు ఇస్త్రీ చేస్తే చొక్కా కంటే బల్ల బాగా నిగనిగలాడుతుందని అతని చేతిలోంచి ఇస్త్రీపెట్టె లాక్కుంది. అతను నవ్వాడు. రేపు బల్లనే తొడుక్కుని వెళ్తానన్నాడు. ఇంట్లో తిట్టడానికి ఒక మనిషి ఉండటం ఎంత ఆస్తో అతనికి తెలియదు. నా చొక్కా కాలరు నలిగి మూడేళ్ళయింది. ఎవరూ చెప్పలేదు.

కూర్చోమంటే కూర్చోలేదు. నిలబడే అడిగాను.

"మా ఆవిడకి రేవు ఎంత దూరమని చెప్పావు?"

"ఏ రేవు అన్నయ్యా?"

చెప్పాను. ఆసుపత్రి, ల్యాప్‌టాప్, మౌసు. అతను నిజంగానే గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాడు. నటన అయితే నాకు తెలిసేది, ఆ మొహంలో ఏముందో వెతకడమే ఇన్నేళ్ళూ నా పని.

"చెప్పే ఉంటాను. వదిన రోజూ ఏదో ఒక దూరం అడిగేది. చంద్రుడిది కూడా అడిగింది ఒకరోజు. ఏదో పొద్దుపోవడానికి అనుకున్నాను" అన్నాడు.

ఆ మంచం దగ్గర అతను కూర్చున్న గంటలన్నీ నేను లెక్కపెట్టి దాచుకున్నాను. ఎన్నిసార్లు నవ్వించాడో కూడా. అతనికి మాత్రం ఒక్కటీ గుర్తులేదు. మూడేళ్ళుగా నేను అసూయపడింది అతను మరిచిపోయిన సాయంత్రాలను చూసి.

మరదలు ఇస్త్రీపెట్టె నిలబెట్టి పెట్టింది.

"రెండు వందలన్నారు. నాకు గుర్తుంది" అంది. "అక్క నమ్మలేదు బావగారూ."

ఆమె ఇస్త్రీపెట్టె తీగ ఊడదీసి నా వైపు తిరిగింది.

"మీ బావ దారం ఎప్పుడూ తప్పు చెప్పదే, నూట అరవయ్యే అంది. ఆయన ఒక్కసారి గట్టిగా, లే వెళ్దాం అంటే లేస్తాను అంది. మీరేమన్నారో గుర్తుందా?"

"గుర్తుంది."

"మరి మా ఆయన్నెందుకు అడుగుతున్నారు?"

అంత నమ్మకం ఉన్న మనిషి నోరు తెరిచి నాకే చెప్పొచ్చుగా అనుకున్నాను. నవ్వేదేదో నా వైపు చూసి నవ్వొచ్చుగా. పోయిన మనిషి మీద కోపం నిలవదంటారు. నాది నిలిచింది. ఇప్పటికీ ఉంది.

భోజనం చేసి వెళ్ళమంది. వద్దన్నాను. గుమ్మం దాటేటప్పుడు అతను వీధి చివరిదాకా దిగబెడతానని చెప్పులు వేసుకున్నాడు. దారి తెలుసన్నాను. అగ్నిమాపక పటం మాట ఎత్తలేదు. ఎత్తితే పొద్దున్నే వెళ్ళి దిద్దుకుంటాడు. దిద్దుకోనివ్వదలచుకోలేదు. మా ఆవిడ సంగతిలో నాకు ఓడిపోవడమే మిగిలితే, కుర్చీ సంగతిలో గెలవాలి.

మర్నాడు మండలి గదిలో అధ్యక్షురాలు, అగ్నిమాపక అధికారి, ఇంకో నలుగురు ఉన్నారు. పెద్దాయన ఒక పక్కన, నేను గోడ పక్కన. అతను పటాన్ని గోడ మీద ప్రొజెక్టరు వెలుతురుతో చూపించాడు. ఊళ్ళో మూడు అగ్నిమాపక కేంద్రాలు. ఒక్కో దాని చుట్టూ ఐదు కిలోమీటర్ల వలయం. వలయాల బయట పడ్డ ఇళ్ళు ఎర్ర చుక్కలు. వెయ్యికి పైగా ఉన్నాయి. ఎక్కువ చుక్కలు మిల్లు వైపు. కాబట్టి నాలుగో కేంద్రం మిల్లు దగ్గర పెట్టాలన్నాడు. చొక్కా కాలరు గీత పెట్టినట్టుంది.

అధ్యక్షురాలు తల ఊపింది. అప్పుడు లేచాను.

"ఆ పటం మీద సరిచూసినవాడి సంతకం లేదు. నేను పెట్టలేదు. ఐదు కిలోమీటర్లని గీసిన వలయం నేల మీద నాలుగే" అన్నాను.

అందరి తలలూ అతని వైపు తిరిగాయి. ఆ చూపుల కోసమే రాత్రంతా కాచుకున్నాను. అతను నా వైపు చూశాడు. తర్వాత తెర అడుగున మూల చూశాడు. నాలుగు క్షణాలు, అంతే.

"అన్నయ్య చెప్పింది నిజం. డిఫాల్ట్ మార్చలేదు. ఇదే కాదు, ఎప్పుడూ మార్చినట్టు లేను" అన్నాడు.

గొంతు తగ్గించలేదు. సాకు చెప్పలేదు. అక్కడే అందరి ముందు మీట నొక్కి ప్రొజెక్షన్ మార్చాడు, వలయాలు మళ్ళీ గీయించాడు. గోడ మీద అవి ఒక్కొక్కటే ఉబ్బాయి. మిల్లు వైపు చుక్కలన్నీ లోపలికి వచ్చి ఆరిపోయాయి. మిగిలినవి మూడు వందల పైచిలుకు. అన్నీ ఒకే చోట, రాతి గని కూలీల ఇళ్ళు. అగ్నిమాపక అధికారి కుర్చీలోంచి లేచి దగ్గరికెళ్ళి చూశాడు. మిల్లు దగ్గర పెట్టి ఉంటే గని దగ్గర అంటుకున్నప్పుడు మేము బూడిద ఆర్పడానికి వెళ్ళేవాళ్ళం అన్నాడు.

అధ్యక్షురాలు నాకు కృతజ్ఞతలు చెప్పింది. ఆ వరుసలోనే, మరి ఇంతకుముందు ఇచ్చిన పటాల సంగతేమిటని అడిగింది.

పెద్దాయన రిజిస్టరు తెరిచాడు. నాలుగేళ్ళ పేజీలు. నలభై ఒక్క వరుసలు. ప్రతి వరుస చివరా నా సంతకం. ఆమె చేతికి అందించాడు.

ఈ సంతకం ఎవరిది అని అడిగింది. నాదే అన్నాను. కొలిచారా అంది. లేదన్నాను.

"ఎందుకు కొలవలేదు?"

అతని పని చూడబుద్ధి కాక అని చెప్పాలి. అదే నిజం. నోటిదాకా వచ్చి ఆగిపోయింది. అందరూ నా వైపే చూస్తున్నారు. నా వేళ్ళు జేబులో టేపు చివర పట్టుకుని లాగుతున్నాయి, వదులుతున్నాయి.

అప్పుడు అతను అందుకున్నాడు. "తప్పు గీసింది నేను. పట్టుకున్నది అన్నయ్య. పాతవాటి సంగతి నన్నడగండి" అన్నాడు.

ఆ మాటతో కుర్చీ అతనిదైపోయింది. నాకు అక్కడే తెలిసింది. అధ్యక్షురాలి మొహంలో తెలిసింది, పెద్దాయన రిజిస్టరు మూసిన తీరులో తెలిసింది. తప్పు అతనిదని నేను రుజువు చేశాను. ఒప్పుకుని అతను పెద్దమనిషి అయ్యాడు. నన్ను కాపాడి ఇంకా పెద్దమనిషి అయ్యాడు. నేను మళ్ళీ కప్పు ఎక్కినవాణ్ణే.

బయటికి వచ్చాక వరండాలో నా పక్కన నడుస్తూ, "నిన్న ఇంటికొచ్చినప్పుడే చెప్పాల్సింది అన్నయ్యా" అన్నాడు. నిష్ఠూరంగా కాదు. అదే నాకు గిట్టనిది. నిష్ఠూరమైతే జవాబు చెప్పేవాణ్ణి.

ఒకటో తారీకున ఉత్తర్వు వచ్చింది. గది అధికారి అతను. నలభై ఒక్క పటాలూ మళ్ళీ కొలిచి, తప్పినవి దిద్దుబాటుకి పంపే పని నాది. కింద అతని సంతకం. ఎవరినైనా సాయం ఇవ్వమంటారా అన్నాడు. అక్కర్లేదన్నాను. ఎంత తొందరగా అయితే అంత అని ఏమీ లేదు, మీ వీలునిబట్టి అన్నాడు.

నెల రోజులు పట్టింది. ఒక్కొక్క పటం పరిచి, రెండు చుక్కల మీద వృత్తలేఖిని పెట్టడం, కొలబద్దకి ఆనించడం, నూట ఇరవై ఐదు అని రాయడం. వీధి దీపాలది నూట ఇరవై ఐదు. మురుగు కాలవలది నూట ఇరవై ఐదు. చెత్త బండ్ల దారులది నూట ఇరవై ఐదు. ఒక్కొక్క అంకె రాస్తుంటే ఉత్సాహంగా ఉండేది. అన్నీ అతని తప్పులు. అన్నిటి కిందా నా సంతకం ఉందన్న సంగతి కాసేపు మరిచిపోయేవాణ్ణి.

ఇరవై ఏడోది బస్సులు ఆగే చోట్ల పటం. వృత్తలేఖిని కాళ్ళు ఆనించాను. వంద.

మళ్ళీ కొలిచాను. వంద. కళ్ళద్దాలు తుడుచుకుని మూడోసారి కొలిచాను. కాగితం తిరగేసి వెనక ఏమైనా రాసి ఉందేమో చూశాను. ఏమీ లేదు. నలభై ఒక్కటిలో ఆ ఒక్కదానికి సరైన ప్రొజెక్షన్ పెట్టాడు. ఎలా పెట్టాడో, ఎందుకు పెట్టాడో వెళ్ళి అడగలేదు. అడిగితే నవ్వుతూ చెప్పేవాడు.

ఆ రోజు నాకు అన్నం సయించలేదు. అప్పటిదాకా కొలిచినవన్నీ చకచకా దిద్దుబాటుకి పంపేశాను. దాన్ని మాత్రం బల్ల మీద అలాగే ఉంచుకున్నాను. సరిచూశాను అని రాసి దాని కింద సంతకం పెట్టడానికి నాకు సాయంత్రం దాకా పట్టింది.